నాయనమ్మ కూడా రాగల షికారు

ఆదివారం సాయంత్రం కుటుంబమంతా కలిసి బయటకు వెళ్దామనుకున్న ఇంట్లో, తీరా బండి బయలుదేరే వేళకు ఒకరు తగ్గుతారు. ఆ ఒక్కరు ఎవరో మీకు వేరే చెప్పనక్కరలేదు. "నువ్వెక్కడ తిరుగుతావమ్మా, మోకాళ్ళ నొప్పులు, పైగా అక్కడ నువ్వు తినేవేవీ ఉండవు" అంటాడు కొడుకు, ప్రేమగానే. "మీరు వెళ్ళి రండి నాయనా, నాకు ఆకలి కూడా లేదు" అంటుంది తల్లి, ఆమె కూడా ప్రేమగానే. ఆ రెండు ప్రేమలూ కలిసి ఆమెను ఇంటికి కాపలా పెడతాయి.

"బయటి తిండి తగ్గించండి" అని వైద్యుడు చెప్పిన మాట, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేలోపు "బయటకు రావద్దు" అన్న మాటగా మారిపోతుంది. తిండి వేరు, బయట వేరు. మధుమేహం ఉన్నవారు మైసూరుపాకు మానుకోవలసి రావచ్చు. మనవరాలి పక్కన కూర్చుని అది తినే మాటలు వినడం మానుకోవలసిన పని లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైమాటే. వీరందరూ షికార్లు మానాలంటే దేశంలో కోట్ల ఇళ్ళు ఆదివారం పూట తలుపులు వేసుకుని కూర్చోవాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. షికారుకు ఎంత దూరం వెళ్తున్నామన్నది పెట్రోలు ఖర్చుకు సంబంధించిన ప్రశ్నగా మనం చూస్తున్నాము. నిజానికది, మనతో ఎవరు రాగలరు అన్న ప్రశ్న. దూరం పెరిగే కొద్దీ బండిలో మనుషులు తగ్గుతారు. మొదట మోకాళ్ళు నొప్పులున్నవారు, తరువాత నీటి మాత్ర వేసుకునేవారు, ఆ తరువాత చంటిబిడ్డ తల్లి. అందుకే కుటుంబ ఆరోగ్యం దృష్ట్యా ఊరికి దగ్గరలోని హోటలు, దగ్గరలోని గుడి, దగ్గరలోని ఏటి ఒడ్డు మేలైనవని నేను గట్టిగా వాదిస్తాను.

ఈ మాటను గరికపాడు వంటి ఊరిని ముందు పెట్టుకుని చెబితే తేలికగా అర్థమవుతుంది. జగ్గయ్యపేట మండలంలో, పాలేటి ఒడ్డున, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు ఇది. బయటివారికి గరికపాడు అనగానే చెక్‌పోస్టు గుర్తుకు వస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు హైదరాబాదు హాస్టళ్ళ నుంచి ఇళ్ళకు బయలుదేరిన పిల్లలు వేలల్లో నిలిచిపోయినది ఇక్కడే. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి వంతెన దగ్గర రోడ్డు దెబ్బతిన్నప్పుడు, హైదరాబాదు – విజయవాడ రాకపోకలు ఆగిపోయినదీ ఇక్కడే. ఆగితే తప్ప వార్తల్లోకి రాని ఊరన్నమాట. 65వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉండటం వల్ల ఇక్కడి వారికి రెండు వైపులా పెద్ద ఊళ్ళే కనిపిస్తాయి. విజయవాడ సుమారు 80 కిలోమీటర్లు, హైదరాబాదు దాదాపు 200. రోడ్డు బాగుంది కదా, గంటన్నరలో బెజవాడలో ఉంటాము, ఏసీ హోటల్లో బిరియానీ తిని ఒక సినిమా చూసి రాత్రికి వచ్చేస్తాము అనుకోవడం ఇక్కడి యువతకు సహజం. నందిగామ వారికి ఆ దూరం ఇంకా తక్కువ, కాబట్టి ఆ మోజు ఇంకా ఎక్కువ.

వద్దనను. ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళండి. కానీ ప్రతి షికారూ అదే అయినప్పుడు ఏం జరుగుతుందో ఒక వైద్యుని కంటితో చూడండి.

మొదటిది గడియారం. డెబ్బై ఏళ్ళ మనిషి ఇంట్లో ఏడున్నరకు మాత్ర వేసుకుని ఎనిమిదికి భోంచేస్తాడు. షికారు రోజున కూడా అలవాటు చొప్పున కారులోనే ఏడున్నరకు మాత్ర వేసుకుంటాడు. ట్రాఫిక్ దాటి, హోటలు ముందు బల్ల కోసం నిరీక్షించి, చెప్పిన పదార్థం వచ్చేసరికి తొమ్మిదిన్నర. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్, తిండి వచ్చినా రాకపోయినా తమ పని తాము చేసుకుపోతాయి. రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం, విసుగు. పక్కనున్నవారు దానిని ప్రయాణపు బడలిక అనుకుంటారు. "నాన్నకు హోటళ్ళు పడవు, అందుకే చిరాకు పడుతున్నాడు" అని సర్దుకుంటారు కూడా. అది చిరాకు కాదు, ప్రమాద సూచన. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్ళీ చూడాలి. మాట తేలకపోయినా, స్పృహ తప్పుతున్నా నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఊళ్ళోని హోటలులో ఈ చిక్కు రాదా అంటే, రావచ్చు; కానీ పది నిమిషాల దూరంలో ఉన్న హోటలుకు మాత్ర జేబులో పెట్టుకుని వెళ్ళి, ఇడ్లీ బల్ల మీదకు వచ్చాక వేసుకోవచ్చు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీ వైద్యుని అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ.

రెండవది చెప్పుకోవడానికి మొహమాటపడే విషయం: మూత్ర విసర్జన. దూర ప్రయాణం ఉన్న రోజున మన ఇళ్ళలో పెద్ద వయసు స్త్రీలు పొద్దుటి నుంచి నీళ్ళు తాగరు. దారిలో మరుగుదొడ్డి ఎలా ఉంటుందో తెలియదు, కొడుకును బండి ఆపమని అడగలేరు, నేల మీద కూర్చోలేరు. మన ఎండల్లో ఒక పూట నీళ్ళు మానేస్తే కాళ్ళ పిక్కలు పట్టేస్తాయి, కళ్ళు తిరుగుతాయి, మూత్రంలో మంట మొదలవుతుంది. రక్తపోటుకు నీటి మాత్ర వాడేవారైతే ఆ రోజు మాత్రే మానేస్తారు, ఎవరికీ చెప్పకుండా. గుండె బలహీనంగా ఉన్నవారిలో అలా మానడం వల్ల ఒకటి రెండు రోజుల్లో కాళ్ళ వాపు, ఆయాసం రావచ్చు. ఇవన్నీ ఆమె నోరు విప్పి చెప్పదు. "నాకు ఆకలి లేదు, మీరు వెళ్ళి రండి" అన్న మాట వెనుక చాలాసార్లు ఉన్నది ఇదే. ఆమెకు షికారు ఇష్టం లేదని మీరు తీర్మానించే ముందు, దారిలో మరుగుదొడ్డి ఉందో లేదో ఒక్కసారి కనుక్కోండి.

మూడవది రోడ్డు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది. అందులో మూడో వంతుకు పైగా జాతీయ రహదారుల మీదనే. సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిది మధ్య జరిగే ప్రమాదాలే అన్నిటికన్నా ఎక్కువ. అంటే మన షికార్ల వేళ. రాత్రి భుక్తాయాసంతో, నిద్రకళ్ళతో తిరుగు ప్రయాణంలో బండి నడిపే కుర్రవాడి గురించి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

ఇక తోడు విషయం. 2010లో హోల్ట్-లున్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, మొత్తం మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను ఒక్కచోట చేర్చి పరిశీలించింది. బలమైన మానవ సంబంధాలు ఉన్నవారు అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం, లేనివారికన్నా 50 శాతం ఎక్కువని తేలింది. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక, ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని చెప్పింది. ఇటువంటి అంకెల్లో ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం కష్టమే. జబ్బు వల్ల ఒంటరైనవారూ ఉంటారు, ఒంటరితనం వల్ల జబ్బుపడినవారూ ఉంటారు. అయినా తల్లి చక్కెర ఒక పాయింటు పెరుగుతుందేమోనని భయపడే మనం, ఆమె ఆదివారాలు ఎలా గడుస్తున్నాయని అడగకపోవడం నాకు వింతగానే తోస్తుంది.

"సరే డాక్టరుగారూ, తీసుకువెళ్తాము. మరి హోటలు తిండి విషం కదా?" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. హోటలు తిండి విషం కాదు. తెలియని హోటలు తిండి మాత్రం ఒక జూదం. ఊళ్ళోని చిన్న హోటలుకు ఉన్న గొప్ప గుణం అది తెలిసినది కావడమే. అక్కడ పొద్దున రుబ్బిన పిండి ఎవరిదో, నూనె ఎప్పుడు మారుస్తారో, గిన్నెలు ఎక్కడ కడుగుతారో నెల రోజులు గమనించిన వారికి తెలిసిపోతుంది. వారికి మీతో రేపు కూడా పని ఉంటుంది. "బాబాయ్, మా అమ్మకు పెసరట్టు నూనె తగ్గించి కాల్చు, చట్నీ వేరే గిన్నెలో పెట్టు" అంటే వినే మనిషి అక్కడ ఉంటాడు. రహదారి మీది పెద్ద భోజనశాలలో, ఒకేసారి రెండు బస్సులు దిగిన సమయంలో, ఆ మాట వంటగది దాకా చేరదు. అక్కడి వారి తప్పు కాదు. అది దాటిపోయే వారి కోసం కట్టిన వంటశాల.

పెసరట్టునే ఎందుకు చెప్పానంటే, మన టిఫిన్లలో పప్పు పాలు ఎక్కువగా ఉండేవాటిలో అదొకటి; పొట్టు పెసలు వాడితే పీచు కూడా దక్కుతుంది. లోపల ఉప్మా కూరితే లెక్క మారుతుంది, ఆ సంగతి మీకు తెలుసు. ఇడ్లీ ఆవిరి మీద ఉడికేది, నూనె లేనిది, వేడిగా వస్తే పెద్దవారికి నిక్షేపమైన ఆహారం. ఇడ్లీకి చెడ్డపేరు తెచ్చేది దాని పక్కవాద్యాలు. కారప్పొడి మీద నెయ్యి, దాని మీద మళ్ళీ కారప్పొడి, అడిగినన్ని సార్లు సాంబారు. మనకు అసలు శత్రువు ఇక్కడ చక్కెరకన్నా ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చదునుగా ఒక చెంచా ఉప్పు చాలంటుంది. భారతీయులు సగటున 8 గ్రాములు తింటున్నారని మన దేశపు సర్వేలు చెబుతున్నాయి. మిరప పండే నేల మనది. కారం ఎక్కువైనప్పుడు దానికి తగ్గట్టు ఉప్పు కూడా పెరుగుతుంది. ఆవకాయ, గోంగూర, వడియాలు, అప్పడం ఒకే విస్తరిలో కలిసినప్పుడు రోజు ఉప్పు ఆ ఒక్క పూటలో అయిపోతుంది. పచ్చడి మానేయమని ఆంధ్రుడికి చెప్పేటంత అమాయకుణ్ణి కాను. నాలుగింటిలో ఒకటి ఎంచుకోండి. రక్తపోటు ఉన్నవారు ఆ పూట పప్పు, కూర, పెరుగు మీద మనసు పెట్టండి, సాంబారు ఒక్కసారితో ఆపండి.

సాయంత్రం పూట బజ్జీల బండి దగ్గర మాత్రం కాస్త నిలబడి మూకుడులోకి చూడండి. నూనె నల్లగా, చిక్కగా ఉండి, బజ్జీ వేయకముందే పొగలు వస్తుంటే, నురగ తగ్గకుండా ఉంటే, అది పలుమార్లు కాగిన నూనె. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఈ నూనెకు ఒక హద్దు పెట్టింది: కాగడం వల్ల పుట్టే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించితే దానిని ఇక వంటకు వాడకూడదు. పరికరం లేకుండా మనం ఆ శాతాన్ని కొలవలేము, కంటితో, ముక్కుతో మాత్రం చాలావరకు పోల్చుకోగలము. హోటలు గోడ మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూడటం కూడా మన హక్కే. వానాకాలంలో కోసి ఉంచిన ఉల్లిపాయలు, మూతలేని చట్నీ, గ్లాసుల్లో ముందే పోసి ఉంచిన నీళ్ళు, ఈ మూడింటికి దూరంగా ఉంటే కడుపు వ్యాధుల్లో చాలాభాగం తప్పుతుంది. మన నీళ్ళ సీసా మన చేతిలో ఉండటం ఏ హోటలు యజమానికీ అవమానం కాదు.

ఇప్పుడు తిరగడం. "మా ఊరి దగ్గర చూడటానికేముందండీ" అని ఇక్కడివారే అనడం విన్నాను. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు మీద రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపం శిథిలాలు ఉన్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో, అంటే క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పకారుడు ఈ మహాచైత్యానికి అయిదు ఆయక స్తంభాలు చేయించి ఇచ్చినట్టు శాసనం దొరికింది. రాజు కాదు, మంత్రి కాదు, చేతిపని చేసుకునే మనిషి. ఇక్కడ దొరికిన మాంధాత శిల్పాన్ని చూడాలంటే ఇప్పుడు చెన్నై మ్యూజియానికి వెళ్ళాలి. అది ఉన్న నేల మాత్రం మనకు ఆటో దూరంలో ఉంది. ఎందరు పిల్లలకు చూపించాము?

కృష్ణ ఒడ్డున వేదాద్రి ఉంది, పంచ నారసింహ క్షేత్రమని పేరు. ముక్త్యాలలో ముక్తేశ్వరుడు, పాత కోట. మునేటి గట్టున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి. తిరుమలగిరి కొండ. ఏదైనా గంట లోపు ప్రయాణమే. తిరునాళ్ళ రోజుల్లో కాకుండా మామూలు రోజున, ఎండ తగ్గాక వెళ్తే పెద్దవారు తోపులాట లేకుండా కూర్చోగలరు. దర్శనం అయ్యాక పులిహోర గాని, దద్ధోజనం గాని చేతిలో పట్టినంత తింటే మధుమేహం ఉన్నవారికి కొంప మునగదు. చక్కెర పొంగలి కళ్ళకద్దుకుని ఒక వేలి కొసతో చాలించుకోండి. తరువాత ఏటి గాలిలో పావుగంట నెమ్మదిగా నడవండి. భోజనం తరువాత పావుగంట నడక పెద్దవారిలో చక్కెర పెరుగుదలను తగ్గిస్తుందని 2013లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. మూడు గంటలు కారులో కూర్చునే షికారులో ఆ నడకకు తావు లేదు. ఒక్క హెచ్చరిక: వేదాద్రి, ముక్త్యాలల దగ్గర పిల్లలను కృష్ణలోకి ఒంటరిగా దిగనివ్వకండి. ఎగువన పులిచింతల ఉంది. గేట్లు ఎత్తినప్పుడు నీటి మట్టం మీరు చూస్తుండగానే మారుతుంది.

నేను కొత్త విషయమేదో కనిపెట్టినట్టు చెబుతున్నానని అనుకోకండి. కార్తీకమాసపు వనభోజనాలు ఏమిటి? ఊరి పక్కన తోపు, ఉసిరిచెట్టు, ఇంట్లో వండిన కూరలు, అందరూ. ఆ రోజు ఎవరి ఇంట్లోనూ ముసలివారిని వదిలిపెట్టి వెళ్ళేవారు కారు, ఎందుకంటే పులిహోరలో పులుపు చాలిందో లేదో చెప్పవలసినది వారే. ఎడ్లబండి వెళ్ళగలిగినంత దూరమే షికారు. ఎడ్లబండి కాలం మళ్ళీ రావాలని నేను కోరను, రోడ్లు బాగుపడటం వల్ల ప్రాణాలు నిలిచిన రోగులను చాలామందిని చూశాను. కానీ ఆ దూరం లెక్క మాత్రం తెలివైనది.

ఎవరు రాకూడదో కూడా చెప్పాలి కదా. గత కొద్ది వారాల్లో గుండెపోటు వచ్చినవారు, డయాలసిస్ మీద ఉండి నీటికి కొలత పెట్టుకున్నవారు, కాలిపుండు మానని మధుమేహులు, జ్వరం లేదా విరేచనాలు ఉన్నవారు ముందు తమ వైద్యుని అడగాలి. మింగుడుపడని పక్షవాతపు రోగికి హోటలు పదార్థాలు పెట్టకండి, ఇంటి నుంచి మెత్తగా చేసి తీసుకురండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్ళు కూడా కొలతతోనే. వేసవిలో పది నుంచి నాలుగు వరకు ఎవరినీ కదిలించవద్దు. మన ప్రాంతపు ఎండ, సున్నపురాతి నేల మీది ఆ సెగ, పెద్దవారి గుండెకు చాలా భారం.

చివరగా మన ఊళ్ళలో హోటళ్ళు నడిపేవారితో ఒక మాట. ఈ వ్యాసం మీ పిల్లలు ఫోనులో చూపిస్తే చదవండి. మీ టిఫిను రుచిలో లోటు లేదు. లోటంతా గుమ్మం దగ్గర మొదలవుతుంది. మూడు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. వీపు ఆన్చుకోవడానికి వీలులేని బల్లలు. వెనుక వైపు చీకట్లో, తడినేల మీద, గొంతుకూర్చుని వాడవలసిన మరుగుదొడ్డి. కొన్నిచోట్ల అదీ లేదు. నాలుగు చేతుల కుర్చీలు, గోడకు ఒక ఇనుప కడ్డీ, కూర్చునే మరుగుదొడ్డి ఒకటి, దానిలో ఒక దీపం పెట్టించండి. దానికయ్యే ఖర్చు ఒక పెద్ద ఫ్రిజ్ ధర కూడా ఉండదు. పెద్దవారిని తీసుకుని వచ్చే కుటుంబం నలుగురితో కాదు, ఏడుగురితో వస్తుంది. సాయంత్రం ఆరింటికే వస్తుంది, మీ బల్లలు ఖాళీగా ఉండే వేళకు.